నడిమి హేమల

అనగనగా, మీ తాతగారి తాతకు ముత్తాత కూడా పుట్టకముందు, వీరకేతుడనే రాజు ఉండేవాడు. ఆయనకు చాలాకాలం పిల్లలు లేరు. ఎందరు పుట్టినా అందరికీ నీ పేరే పెట్టుకుంటానని రాణి ఊరిదేవత హేమలమ్మ తల్లికి మొక్కుకుంది. ఆ తల్లి పిసినారి కాదు. వరసగా ముగ్గురు ఆడపిల్లలు పుట్టారు. ముగ్గురూ హేమలలే.

ఆ వంశంలో బిడ్డ పుడితే రాగిరేకు మీద పేరు పోత పోయించి గుడిలో ఉంచుతారు. మూడు రేకుల మీదా ఒకే పేరు వచ్చేసరికి, ఆనవాలు కోసం ఒక్కోదాని కింద ఒకటి, రెండు, మూడు అని అంకె వేసిన బిళ్ళలు తగిలించారు. ఇంట్లో మాత్రం మొదటిది పెద్ద హేమల, చివరిది చిన్న హేమల. నడిమి పిల్లను "ఏదీ, ఆ ఇంకో పిల్ల?" అనేవారు. పాపం, ఆ పిల్ల దానికే అలవాటు పడిపోయింది.

ఆమెను "నడిమి హేమలా" అని నోరారా పిలిచేవాడు ఒక్కడే, మేనబావ మణిపాలుడు. ఆ పిలుపు కోసం ఆమె వాకిట్లో ఎదురుచూసేది. అలా పిలవడం కోసం అతను ఏటా మేనమామ ఇంటికి వచ్చేవాడు. ఇద్దరికీ పెళ్ళి ముహూర్తం కూడా పెట్టారు.

ఇలా ఉండగా, ఏడు సముద్రాల అవతల ధూమకంఠుడనే మాంత్రికుడున్నాడు. వాడి దగ్గర ఒక బీజయంత్రం ఉంది. మనం అంకెలతో లెక్కలు చేస్తాం కదా, అది పేర్లతో చేస్తుంది. అందులో వేసిన పేరుకు ఏం జరిగితే ఆ పేరుగలవాళ్ళకూ అదే జరుగుతుంది. ముగ్గురి అందమూ ఒక్క పెళ్ళాంలోనే కావాలని వాడికి దురాశ పుట్టింది. గుడిలోని మూడు రేకులూ ఎత్తుకుపోయి యంత్రంలో వేశాడు. యంత్రం వాటిని గడగడా కుదిపింది. కింద వేలాడే బిళ్ళలు రాలిపోయాయి. ఇక మిగిలింది ఒకే పేరు. ఒకే పేరున్నవాటిని కలిపేయడం యంత్రానికి అలవాటు, కలిపేసింది. ఇక్కడ ముగ్గురు పిల్లలూ మాయమయ్యారు, అక్కడ ఒక్కతె నిలబడింది.

మణిపాలుడికి అన్నం సయించలేదు, కంటికి కునుకు రాలేదు. పిలుపు నోట్లోనే ఉండిపోయింది, పలికే మనిషి లేదు. ఒకప్పుడు వలలోంచి తాను విడిపించిన తాబేలు మీదెక్కి ఆమెను వెతుకుతూ బయల్దేరాడు. ఒక సముద్రం దాటి పిలిచాడు, పలకలేదు. రెండో సముద్రం దాటి పిలిచాడు, పలకలేదు. మూడూ, నాలుగూ, అయిదూ, ఆరూ దాటాడు, గొంతు బొంగురుపోయింది గాని పలకలేదు. ఏడోది దాటి పిలిస్తే, మాంత్రికుడి కోట కిటికీలో ఒకామె తల తిప్పింది.

ఆమె మూడు గొంతులతో "బావా" అంది. ఒక గొంతు అమ్మ కావాలంది. ఒక గొంతు ఇంటికి తీసుకుపొమ్మంది. మూడో గొంతు ఏమీ అడగలేదు. ఆ అడగని గొంతు ఎవరిదో మణిపాలుడికి తెలుసు. అతని గుండె చెరువైంది.

యంత్రం కింద ఒక ఎలుక కాపురముంది. మణిపాలుడు చాటుగా కోటలోకి దూరి అటుకులు పెట్టేసరికి దాని నోరు ఊరుకోలేదు, యంత్రం సంగతీ, మాంత్రికుడి రహస్యమూ అంతా చెప్పేసింది. మాంత్రికుడి ప్రాణం ఒక చిలుకలో ఉందట. ఎవరూ పోల్చుకోకుండా వాడు వందల చిలుకల్ని పెంచి, అన్నిటికీ మరకతం అనే పేరే పెట్టాడట. ఏది ఏదో తెలియడానికి ఒక్కోదాని పేరురేకు కింద ఒక అంకె బిళ్ళ వేలాడగట్టాడట. మణిపాలుడికి ఇన్నాళ్ళకు నవ్వొచ్చింది. ఎలుక తన బలగంతో ఆ రేకులన్నీ ఈడ్చుకొచ్చింది. అతను వాటిని యంత్రంలో వేశాడు. యంత్రం కుదిపింది, బిళ్ళలు రాలాయి, చిలుకలన్నీ కలిసి ఒక్కటయ్యాయి, ఆ చిలుక అతని చేతిలో వాలింది. ఎవరు తీసిన గోతిలో వారే పడతారని ఊరికే అన్నారా?

మాంత్రికుడు పరుగున వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. ముగ్గుర్నీ విడదీసే దారి చెప్పమన్నాడు మణిపాలుడు.

"విడదీయడం యంత్రానికి రాదు," అన్నాడు వాడు. "కొత్త రేకులు పోయాలి. ఈసారి అంకెను తగిలించకుండా, పేరుతో కలిపి ఒకే పోతగా పోయాలి. పోస్తుండగా ఆ పిల్లను ఎరిగినవాళ్ళు, ఆమెకే చెందిన మాట ఒకటి చెప్పాలి. ఎవరి రేకు పొయ్యకపోతే వాళ్ళు ఇక లేనట్టే. నీ పిల్లను నువ్వెరుగుదువు, ఇదిగో రాగి మరుగుతోంది. తక్కినవాళ్ళతో నీకేం పని?"

పిలుపు మణిపాలుడి పెదవుల దాకా వచ్చింది. ఒక్క మాట చెబితే ఆమె తనదవుతుంది. కాని అక్కచెల్లెళ్ళను పోగొట్టుకుని వచ్చిన మనిషి మళ్ళీ తన కళ్ళలోకి చూడగలదా? మాట మింగేసి చిలుక గొంతు నులిమాడు. మాంత్రికుడు బూడిదయ్యాడు.

తాబేలు మీద తిరుగు ప్రయాణం. ఏడు సముద్రాలు దాటేదాకా ఆమె పక్కనే కూర్చున్నాడు గాని ఒక్కసారీ పిలవలేదు. పిలిస్తే ముగ్గురూ పలుకుతారు. ఆ ఏడు సముద్రాలూ వెళ్ళేటప్పటికంటే పెద్దవనిపించాయి.

వీరకేతుడి కోటలో, మాంత్రికుడు చెప్పినట్టే రాగి కరిగించారు. రాణి మూసల ముందు కూర్చుంది. మొదటి రేకు పోస్తుంటే, పెద్దది చెల్లెళ్ళకు జడ వేశాకే తన జడ వేసుకుంటుందని చెప్పింది. మూడో రేకుకు, చిన్నది తన కొంగు పట్టుకోనిదే నిద్రపోదని చెప్పింది. రెండో రేకు దగ్గర నోరు తెరిచింది, మాట రాలేదు. నవమాసాలు మోసిన బిడ్డే, ఒక్క మాటైనా రాలేదే అని తల్లి కుమిలిపోయింది. మూసలో రాగి చల్లారిపోతోంది.

"అత్తా, నేను చెబుతాను," అన్నాడు మణిపాలుడు. "పెరుగన్నంలోకి వేసిన మామిడికాయ ముక్కను కంచం అంచున దాచుకుంటుంది, చివర్న తినాలని. అక్కో చెల్లో అడిగితే అదీ ఇచ్చేస్తుంది."

రాగి గట్టిపడింది. ముగ్గురు పిల్లలు నిలబడ్డారు.

"నడిమి హేమలా," అని పిలిచాడు.

"ఇక్కడే ఉన్నాను బావా," అంది ఒకే ఒక్క గొంతు. రాణి అందరికంటే ముందు ఆమెనే కావలించుకుని, నడిమి హేమలా, నడిమి హేమలా అంటూ ఏడ్చింది.

పెళ్ళి జరిగింది. వాళ్ళు నూరేళ్ళూ చల్లగా రాజ్యమేలారు. ఆ పెళ్ళి విందులో పెరుగన్నం వడ్డించగానే నడిమి హేమల ఏం చేసిందో తెలుసా? మామిడికాయ ముక్కను ముందే తినేసింది.