కంచె దాటిన తులసి వాసన

కొండగూడెంలో గంగరాజు అనే మామిడి రైతు ఉండేవాడు. కొత్త సంగతి ఏది నేర్చుకున్నా దాన్ని తన కంచె దాటనిచ్చేవాడు కాదు.

ఆ ఊరి తోటలకు పండు ఈగ పెద్ద బెడద. కాయ పైకి నిగనిగలాడేది, కోస్తే లోపల పురుగు ఉండేది. తులసి వాసనకు ఆ ఈగలు ముసురుతాయని గంగరాజు ఒకనాడు తన పెరట్లోనే కనిపెట్టాడు. ఎవరూ చెప్పకుండా అతనికెలా తట్టిందో మరి! తులసాకు నూరి, బెల్లం నీళ్లలో కలిపి, చుక్క పురుగుమందు వేసి, కొబ్బరి చిప్పల్లో పోసి కొమ్మల చాటున వేలాడదీశాడు. ఈగలు వచ్చి అందులో పడి చచ్చేవి.

పక్క తోట సూరమ్మ అతనికి వరసకు వదిన. ఆ చిప్పల్లో ఏముందని అడిగింది.

"పిట్టలకు నీళ్లు, వదినా," అన్నాడు.

"మాకు మంచినీళ్లివ్వడానికే ఆలోచించే మనిషివి, పిట్టల మీద ఇంత దయ ఎప్పుడు కలిగిందయ్యా?" అంది సూరమ్మ.

ఆ వేసవిలో పట్నం వ్యాపారి వచ్చాడు. పురుగు లేకపోతే కాయంతా మంచి ధరకు కొంటానన్నాడు. గంగరాజు ఏడాది కష్టమంతా ఆ మాట మీదే ఉంది. వ్యాపారి పది కాయలు కోయించాడు. ఆరింట్లో పురుగు. కాయ కొనకుండానే చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు.

గంగరాజుకు దిక్కు తోచలేదు. చిప్పలు చూస్తే ఈగలతో నిండి ఉన్నాయి. మరి కాయల్లోకి పురుగెలా వచ్చింది? సిగ్గు విడిచి సూరమ్మకు ఉన్నదంతా చెప్పాడు. ఆమె చిప్ప దించి వాసన చూసింది.

"పిచ్చివాడా, ఊళ్లో ఈగలన్నిటినీ నీ ఒక్కడి తోటకే పేరంటానికి పిలిచావు. సగం చిప్పలో పడ్డాయి, సగం నీ కాయల మీద వాలాయి," అంది.

గంగరాజు తన ఉపాయం ఊరందరికీ చెప్పాడు. ఈగలు ఒక్కచోటే ముసరకుండా మరుసటి ఏడు ఊళ్లోని పద్దెనిమిది తోటల్లోనూ ఒకే రోజున చిప్పలు కట్టారు. బెల్లానికి చీమలు పడుతుంటే సూరమ్మ తాళ్లకు ఆముదం పూసింది. ఎండకు నీళ్లు ఇగిరిపోతుంటే చివరి తోట నూకయ్య తాటాకు గొడుగులు అల్లాడు. ఇవేవీ తనకు తట్టనే లేదు కదా అని గంగరాజు వింతపడ్డాడు.

వ్యాపారి మళ్లీ వచ్చి తోటతోటకూ తిరిగి కాయలు కోయించాడు. పురుగు కనబడలేదు. ఒక్క తోట కాయతో లారీ నిండదని, ఊరంతా కలిసి ఇస్తే రోజుకో లారీ పంపుతానని చెప్పాడు. వెళ్లబోతూ ఈ ఉపాయం ఎవరిదని అడిగాడు.

గంగరాజు "నాది" అనబోయి, సూరమ్మ వైపు, నూకయ్య వైపు చూశాడు.

"మాదండీ," అన్నాడు.

నీతి: తెలిసింది దాచుకుంటే అక్కడే ఆగిపోతుంది; నలుగురితో పంచుకుంటే పెరిగి, అందరితోపాటు మనల్నీ కాపాడుతుంది.