చెప్పకూడని చప్పుడు

అనగనగా ఒక అడవిలో, వాగులో నీళ్లు ఇంకిపోయి గులకరాళ్లు మాత్రమే మిగిలిన ఒక పాడు ఎండాకాలంలో, కొమ్ముపిట్టల జంట ఒకటి ఉండేది. కొమ్ముపిట్టని మీరు చూసి ఉండరు. దానికి ఇంత పొడుగు ముక్కు. ఆ ముక్కు మీద ఇంకో ముక్కు బోర్లించినట్టు ఒక బుడిపె. నవ్వకండి. చూడటానికి వింతగా ఉంటుంది కానీ, ఇంటిదాన్నీ పిల్లనీ అంత ప్రాణంగా చూసుకునే పిట్ట ఇంకోటి ఉండదు.

మగపిట్ట పేరు కొమ్మన్న. ఆడపిట్ట పేరు చుక్కమ్మ.

ఆ పిట్టలకి ఒక ఆచారం ఉంది. గుడ్డు పెట్టే వేళకి ఆడపిట్ట చెట్టుతొర్రలో దూరుతుంది. లోపల కూర్చుని, తొర్రవాకిలిని బంకమట్టితో మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు ఒక్కటే వదులుతుంది. లోపల ఉండగానే దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. అవి మళ్లీ మొలిచేదాకా ఎగరలేదు. అన్ని రోజులూ మగపిట్టే పండ్లు తెచ్చి, ఆ సందులోంచి అందించాలి.

ఆ మట్టిగోడ ఎండితే రాయి అయిపోతుంది. బయటినుంచి ఎవడి తరమూ కాదు. లోపలివాళ్లు పొడిస్తేనే పగులుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. కథంతా దీనిమీదే ఉంది.

గోడ కట్టుకునే రోజున చుక్కమ్మ అడిగింది.

"మావా, సందులోంచి నాకు నీ ముఖం కనపడదు. వచ్చింది నువ్వేనని నాకెలా తెలుస్తుంది?"

"ముక్కుతో చెట్టుని ఇలా కొడతాను. టక్ టక్... టక్. ఈ చప్పుడు వింటే పండు తెచ్చానని అర్థం. నువ్వు ముక్కు బయట పెట్టు," అన్నాడు కొమ్మన్న.

"మరి ఆపదొస్తే? అడవి అంటుకుంటే?"

"అప్పుడు వేరే చప్పుడు. టక్... టక్ టక్ టక్. అది వింటే ఇంకేమీ ఆలోచించకు. ఎవరు, ఎందుకు అని అడగకు. గోడ పగలగొట్టుకుని బయటికి వచ్చెయ్. నేను నిన్ను కాళ్లతో పట్టుకునైనా తీసుకుపోతాను."

చుక్కమ్మ, "ఈ రెండో చప్పుడు ఎవరికీ చెప్పవు కదా?" అంది.

"నా ప్రాణం పోయినా చెప్పను."

అలాగే అన్నాడు. మనసులో కూడా అలాగే అనుకున్నాడు పాపం.

ఆ అడవిలో గోరింకల గోల ఒకటి ఉండేది. పొద్దున్న లేస్తే చాలు, చెట్టుచెట్టుకీ వచ్చి అరిచేవి. "కుందేలుగారూ! మీకు బుట్టెడు దుంపలు తగిలాయి! వెంటనే రండి!" అనేది ఒకటి. "కొండముచ్చుగారూ! మీ తోక ప్రమాదంలో ఉంది! వెంటనే మాతో మాట్లాడండి!" అనేది ఇంకోటి. మన ఫోన్‌లో టింగుమని మోగే మెసేజీల్లాగే. వాటిని ఎవరు పంపుతున్నారో ఎవరూ అడిగేవారు కాదు. అలవాటైపోయింది.

ఒకరోజు వాగులో మిగిలిన చిన్న మడుగు దగ్గర అందరూ ఈ గోల గురించే మాట్లాడుకుంటున్నారు.

"ఊరికే ఇస్తామంటే పోయేదేముంది? తీసుకుంటే సరి," అంది కొండముచ్చు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం అది.

"దొంగలు పెద్దవాళ్ల జోలికి పోతారు. మన దగ్గర దాచుకోడానికి ఏముందిలే," అంది కుందేలు.

రాయి పక్కన ఒక ముసలి అలుగు ఉంది. ఒళ్లంతా పెంకులు, చీమల్ని తిని బతికే జంతువు. అది తల ఎత్తి, "దాచుకోడానికి ఏమీ లేనివాడు ఉండడమ్మా. ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు పెద్దలు," అంది.

అందరూ నవ్వారు. "ఆకు కదిలితే ఉండ చుట్టుకుపోతావు. నువ్వా మాకు చెప్పేది?" అంది కొండముచ్చు.

కొమ్మన్న కూడా నవ్వాడు. నీళ్లు తాగి పండ్ల వేటకి పోయాడు.

ఆ ఏడు పండ్లు లేవు. మేడి ఎండింది. జువ్వి కాయలోనే రాలిపోయింది. లోపల గుడ్డు పగిలి పిల్ల పుట్టింది. ఆడపిల్ల. సందులోంచి దాని ఆకలి కేక వినిపించేది. కొమ్మన్న పొద్దు పొడవకముందు పోయేవాడు, ఒక్కోసారి ఖాళీ ముక్కుతో తిరిగొచ్చేవాడు. అలాంటి రోజు చెట్టుని కొట్టడానికే సిగ్గుపడేవాడు.

అప్పుడు వచ్చింది పునుగుపిల్లి. చెట్లెక్కే జంతువు. ఒళ్లంతా కమ్మని వాసన. మాట అంతకన్నా కమ్మన.

"కొమ్మన్న బావా! ఈ ఎండాకాలంలో పిల్లలున్న ఇళ్లకి మేము ఊరికే పండ్లు పంచుతున్నాం. ఈసారి నీ పేరు తగిలింది!"

"ఊరికేనా?" అన్నాడు కొమ్మన్న.

"ఊరికే. నీ ఇల్లు ఏ చెట్టుమీదో చెబితే చాలు."

ఇల్లు ఎక్కడో చెబితే ఏం పోతుందనుకున్నాడు కొమ్మన్న. "వాగు ఒడ్డున తెల్లమద్ది చెట్టు," అన్నాడు. పునుగు నిజంగానే మంచి జువ్విపండ్లు ఇచ్చింది. ఆ రోజు పిల్ల కడుపునిండా తిని పడుకుంది.

కొన్నాళ్లకి పునుగు మళ్లీ వచ్చింది.

"బావా, ఎంత చిక్కిపోయావు! రెక్కలు చూడు ఎలా వేలాడుతున్నాయో. నువ్వు నీడన కూర్చో. పండ్లు నేనే మీ ఇంటికి చేరుస్తాను. వాకిలి దగ్గర ఎలా పిలవాలో చెప్పు."

కొమ్మన్నకి నిజంగానే ఒళ్లు హూనమైపోయింది. ఇది తిండి చప్పుడే కదా, ఆపద చప్పుడు కాదు కదా అనుకున్నాడు. "తిండికి టక్ టక్... టక్. ఆపదకి వేరే ఉందిలే," అని చెప్పేశాడు.

ఆ సాయంత్రం చుక్కమ్మ అడిగింది. "మావా, మధ్యాహ్నం నువ్వు తెచ్చిన పండుకి ఏదో వాసన వచ్చింది. ఏ చెట్టుది?"

అక్కడైనా నిజం చెప్పాల్సింది. చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, మనం హాయిగా పడుకునేవాళ్లం. కానీ ఇంకొకడు పెట్టిన తిండి అని చెప్పడానికి కొమ్మన్నకి మనసు రాలేదు.

"కొత్త చెట్టు దొరికిందిలే," అన్నాడు.

చుక్కమ్మ నమ్మింది. అప్పటినుంచి ఆ వాసన వస్తే మొగుడు వచ్చాడనే అనుకునేది.

మడుగు దగ్గర అలుగు కొమ్మన్నని ఆపింది.

"అయ్యా, ఆ పునుగు మీ చెట్టెక్కి నీలాగే కొట్టడం చూశాను. నీ ఇంటి చప్పుడు దానికెలా తెలిసింది?"

"నేనే చెప్పాను తాతా. మంచిది పాపం. ఇన్నాళ్లు మా పిల్లకి తిండి పెట్టింది. ఒక్క పండైనా తిరిగి అడగలేదు."

"ఇంకా అడగలేదు," అంది అలుగు.

కొమ్మన్నకి కోపం వచ్చింది. "నీలాగ ఎవర్నీ నమ్మకుండా బతకడం నాకు చేతకాదు," అని ఎగిరిపోయాడు.

మూడోసారి పునుగు పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆయాసపడుతోంది.

"బావా! తూర్పు కొండ మీద పొగ చూశావా? నిప్పు రాజుకుంది. గాలి ఇటే వీస్తోంది!"

కొమ్మన్న చూశాడు. నిజంగానే దూరంగా ఏదో మసకగా ఉంది. పొగో, దుమ్మో.

"ఇప్పుడే పోయి చుక్కమ్మని లేపుతాను," అన్నాడు.

"తొందరపడకు. ఇంకా దూరం ఉంది. కానీ నువ్వు పండ్లకి పోయినప్పుడు మంట వస్తే? ఆమెకి ఎవరు చెబుతారు? ఎగరలేని మనిషాయె. లోపలే మాడిపోతుంది. మీ మంచికోసమే అడుగుతున్నాను బావా. ఆపద చప్పుడు ఏదో నాకు చెప్పి ఉంచు. నేను చెట్టు కిందే కాపలా ఉంటాను. త్వరగా చెప్పు, ఆలోచించే వేళ కాదు!"

వింటున్నారా పిల్లలూ? ఆలోచించే వేళ కాదు అంది. మనల్ని మోసం చేసేవాడికి మన ఆలోచన ఒక్కటే శత్రువు. అందుకే దాన్ని ముందు తరిమేస్తాడు.

కొమ్మన్నకి ప్రాణం పోయినా చెప్పనన్న మాట గుర్తొచ్చింది. కానీ ఇప్పుడు పోయేది చుక్కమ్మ ప్రాణం కదా అనుకున్నాడు.

"టక్... టక్ టక్ టక్," అన్నాడు.

"నిశ్చింతగా ఉండు," అంది పునుగు. "అన్నట్టు, పడమటి లోయలో ఒక జువ్విచెట్టు విరగకాసింది. అది నీకే తగిలింది. పోయి తెచ్చుకో."

కొమ్మన్న పడమటి లోయకి ఎగిరాడు. లోయంతా వెతికాడు. జువ్విచెట్టు లేదు. వెతగ్గా వెతగ్గా ఒక మోడుకి ఒకే ఒక్క పండు కనిపించింది. పిల్ల కోసం దాన్ని ముక్కున కరుచుకుని పొద్దు వాలేవేళకి తిరిగొచ్చాడు.

తెల్లమద్ది చెట్టు కింద మట్టిపెళ్లలు పడి ఉన్నాయి.

కొమ్మన్నకి మొదట అర్థం కాలేదు. ఆ గోడ ఎవడూ పగలగొట్టలేడే అనుకున్నాడు. దగ్గరికి పోయి చూశాడు. పెళ్లలన్నీ బయటివైపుకి పడ్డాయి. వాటి మీద చుక్కమ్మ ముక్కుపోట్లు ఉన్నాయి. గోడ లోపల్నుంచే పగిలింది.

చెట్టు మొదట్లో అలుగు ఉంది. అప్పుడే ఉండ విప్పుకుని లేచింది. దాని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"వెంటనే బయటికి వచ్చిందయ్యా. ఎవరు, ఎందుకు అని ఒక్కమాట అడగలేదు. నీ పేరు పెట్టి పిలుస్తూ వచ్చింది. మంటా లేదు, నువ్వూ లేవు. కొమ్మమీద పునుగు కూర్చుని ఉంది. అది తొర్రలో పిల్లవైపు చూసింది. చుక్కమ్మ దానిమీదికి దూకింది. ఇద్దరూ కిందపడ్డారు. రెక్కలు లేవుగా, ఎగరలేదు. పరుగెత్తింది. పిల్లకి దూరంగా, ఆ ముళ్లపొదల్లోకి. పునుగు దాని వెంట పోయింది."

"తర్వాత?"

అలుగు పొదలవైపు చూసింది. అక్కడ నల్లటి ఈకలు కొన్ని ముళ్లకి చిక్కుకుని ఉన్నాయి.

"నువ్వేం చేశావు తాతా?"

"చుట్టుకుపోయాను నాయనా. నాకు చేతనైంది అదొక్కటే," అంది అలుగు, తల దించుకుని.

అంత తెలిసిన అలుగు కూడా ఏమీ చెయ్యలేకపోయింది. గుట్టు బయటపడ్డాక తెలివైనవాడూ ఒకటే, తెలివిలేనివాడూ ఒకటే.

కొమ్మన్న ఏడుస్తూ తొర్ర దగ్గరికి ఎగిరాడు. అక్కడ మళ్లీ గోడ ఉంది! తడి గోడ. లోపల పిల్ల ఒక్కతే, చిన్న ముక్కుతో పండుగుజ్జూ తొర్ర అంచున మిగిలిన మట్టీ కలిపి వాకిలి మూసుకుంది. ఎవరూ నేర్పలేదు దానికి. అమ్మ పునుగు మీదికి దూకుతూ, "మూసుకో తల్లీ," అంది, అంతే.

కొమ్మన్న చెట్టుని కొట్టాడు. టక్ టక్... టక్.

సందులోంచి ముక్కు బయటికి రాలేదు.

"అమ్మా, నేను. నాన్నని. పండు తెచ్చాను."

లోపల్నుంచి సన్నటి గొంతు వినిపించింది. "వాడూ ఇలాగే కొట్టాడు."

"నేను నిజంగా నాన్ననే తల్లీ!"

"అమ్మ కూడా నాన్నే అనుకుంది."

కొమ్మన్న దగ్గర ఇంకో చప్పుడు ఏదీ మిగల్లేదు. ఆ పండుని సందు అంచున పెట్టి, దూరంగా ఇంకో చెట్టుమీద కూర్చున్నాడు. చాలాసేపటికి ఒక చిన్న ముక్కు బయటికి వచ్చి, పండుని లోపలికి లాక్కుంది.

ఆ రోజునుంచి అలాగే జరిగింది. పండు తెచ్చేవాడు. పెట్టేవాడు. చెట్టుని కొట్టకుండానే వెళ్లిపోయేవాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, రాత్రీ పగలూ దూరంనుంచి కాపలా కాసేవాడు. గోరింకలు వచ్చి, "కొమ్మన్నగారూ, మీకు బహుమతి!" అని అరిస్తే ఆయన చెవులు మూసుకునేవాడు. అవి కుందేలు దగ్గరికి పోయేవి.

తొలకరి పడింది. వాగులో నీళ్లొచ్చాయి. ఒకరోజు పిల్ల గోడ పగలగొట్టుకుని, నిండు రెక్కలతో బయటికి వచ్చింది. తండ్రి కూర్చున్న కొమ్మమీద, కొంచెం దూరంగా వాలింది. అచ్చం చుక్కమ్మలాగే ఉంది.

"నాన్నా, ఆ రెండో చప్పుడు మీ ఇద్దరికే తెలుసని అమ్మ చెప్పేది. మరి వాడికి ఎవరు చెప్పారు?"

అబద్ధం చెప్పొచ్చు. పునుగు చాటునుంచి విన్నదని చెప్పొచ్చు. కొమ్మన్న ఒకసారి అబద్ధం చెప్పి చూశాడు కదా.

"నేనే చెప్పాను తల్లీ."

వాన చినుకులు ఇద్దరి మీదా పడుతున్నాయి.

"నేనూ ఒకనాటికి ఇలాంటి తొర్రలోనే కూర్చుంటాను నాన్నా," అంది పిల్ల. "అప్పుడు నా చప్పుడు ఏమిటో నీకు చెప్పను. ఏమీ అనుకోకు."

కొమ్మన్న కళ్లు తుడుచుకున్నాడు.

"చెప్పకు తల్లీ," అన్నాడు. "నేను అడిగినా చెప్పకు."

నీతి: మన తలుపు తెరిచే గుట్టుని మన మంచికోసమే అని అడిగినా, తొందరపెట్టి అడిగినా, ఇన్నాళ్లు మేలు చేసినవాడే అడిగినా చెప్పకూడదు, ఎందుకంటే దాన్ని నమ్మి లోపల కూర్చున్నవాళ్లు మనవాళ్లే.