కొబ్బరి వెన్న తినే రాజుగారు

చండభూపతి మహారాజు ఎక్కితే గుర్రం కూలబడేది. అందుకని వైద్యుడు ఆయన చేత అన్నం, పిండివంటలు మాన్పించి, కూరల్లో కొబ్బరిని మెత్తగా రుబ్బి చేసిన కొబ్బరి వెన్న కలుపుకుని తినమన్నాడు.

"ఇక ఈ నోట మెతుకు పడదు! మేం మాట తప్పం!" అని రాజు నిండు సభలో మీసం తిప్పాడు.

ఆనాటి నుంచి సైనికుల కోసం వండిన అన్నం మాయమవసాగింది. రాజు వంటవాళ్ళనే దొంగలని తిట్టి ఇద్దరిని పనిలోంచి తీసేశాడు. వాళ్ళ చోట చేరిన నూకాలు, తన వంతు రాకముందే దొంగను పట్టాలని, అందరూ కునుకు తీసే మధ్యాహ్నం గరిటె పట్టుకుని తలుపు వెనక నిలబడింది.

ముసుగేసుకున్న భారీ మనిషి వచ్చి అన్నం గుండిగలో చెయ్యి పెట్టాడు. నూకాలు వీపు మీద ఒక్కటిచ్చింది.

"ఓసేయ్, నేను రాజుని!"

"ఛీ, మా రాజుగారు మెతుకు ముట్టరు. ఆయన పేరు చెడగొడతావా?" అని ఇంకోటిచ్చింది.

భటులు పరుగెత్తుకొచ్చారు.

"ఈయన రాజుగారైతే సభలో అన్న మాట తప్పినట్టు. కాకపోతే దొంగ, చెరసాల్లో పడేయండి. ఎవరో ఆయన్నే చెప్పమనండి" అంది నూకాలు.

రాజు ముసుగు తీసి, "కొబ్బరి వెన్న కోసం వచ్చాను. గిన్నె విషయంలో పొరబడ్డాను" అని గొణిగాడు.

"పాపం ఆ వంటవాళ్ళ విషయంలోనూ పొరబడ్డారేమో ప్రభూ?"

"అవునవును. ఇప్పుడే పిలిపిస్తాను."

నూకాలు కొబ్బరి వెన్న కలిపిన బీరకాయ కూర వడ్డించింది. విసుక్కుంటూ మొదలుపెట్టిన రాజు గిన్నె నాకేశాడు.

"ఇంత రుచిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదేం?"

"రోజూ వడ్డిస్తూనే ఉన్నాం ప్రభూ. అప్పటికే తమరి కడుపులో సైన్యం భోజనం ఉండేది."