వెండి గరిటె

గండికోన సంస్థానంలో వంటశాల పెద్దకు రాజుగారు వెండి గరిటె ఇవ్వడం ఆచారం. పెద్ద వంటవాడు మంచాన పడ్డ నాటి నుంచీ పొయ్యిలన్నీ ఓబులమ్మే నడిపింది. ఆయన పోయాక గరిటె తనకే వస్తుందనుకుంది. దివానుగారేమో తన బావమరిదిని తెచ్చి సభలో నిలబెట్టారు. ఆ మహానుభావుడికి తినడం ఒక్కటే వచ్చు.

"మరి నా సంగతేమిటి దొరా?" అంది ఓబులమ్మ.

"గొప్ప వంటను నలభీమపాకం అంటారు. దమయంతీపాకం అని ఎవరైనా అన్నారా? అది మగవాళ్ళ పదవి" అన్నారు దివానుగారు. సభంతా తలూపింది.

ఓబులమ్మకు ఒళ్ళు మండింది. అయినా వినయంగా రాజుగారికి దండం పెట్టింది.

"నిజమే మహారాజా. కాని నలుడైనా భీముడైనా పరాయి కొలువులో గరిటె పట్టింది జూదంలో రాజ్యం పోయాకే గదా. అందుకని ముందు ఈ బాబుగారికి తమ సింహాసనం ఇప్పించండి. దాన్ని పాచికల్లో పోగొట్టుకుని రాగానే గరిటె నేనే చేతికిస్తాను."

రాజుగారు సింహాసనాన్ని గట్టిగా పట్టుకుని దివానుగారి వైపు చూశారు.

దివానుగారు గబుక్కున బావమరిదిని వెనక్కి లాగారు. "మావాడికి పొయ్యి సెగ పడదు ప్రభూ" అన్నారు.

గరిటె అందుకున్న ఓబులమ్మ బావమరిదిగారిని చిన్నబుచ్చలేదు. ఆ పూటే పంక్తిలో కూర్చోబెట్టి, ఆయనకు వచ్చిన పని ఆయనకు అప్పగించింది.