ఇంగితం వారి విస్తరణ చదువు

మొగలిమెరకలో తెలివంటే మాదే అని చెప్పుకునే ఇల్లు ఒకటుంది. వాళ్ళ అసలు ఇంటిపేరు వేరే. వాళ్ళు చేసే పనులు చూడలేక ఊరివాళ్ళు 'ఇంగితం వారు' అని పేరు పెట్టారు. ఊరు వెక్కిరించింది, వీళ్ళు మురిసిపోయారు. మురిసిపోయి ఊరుకున్నారా? ఆ పేరే గుమ్మం మీద ఎర్రరంగుతో రాయించుకున్నారు.

ఇంటి పెద్ద అన్నవరం. రక్తపోటు ఉంది, ఉప్పు మానెయ్యమని ఆయనకి డాక్టరు చెప్పాడు. ఆ పూట నుంచి ఉప్పు ముట్టలేదు మహానుభావుడు. ఆవకాయ మాత్రం గరిటెడేసి వేసుకునేవాడు. "ఆవకాయ మానమని డాక్టరు అన్లేదు కదా. అనని మాట వినడానికి మనకేవన్నా పిచ్చా?" అనేవాడు. "మా ఆయన మాట అంటే మాటే" అని భార్య మంగాయమ్మ పొంగిపోతూ ఇంకో గరిటె వడ్డించేది. కొడుకు నూకరాజు, కోడలు కుమారి కూడా అంతే. గంతకు తగ్గ బొంత.

నూకరాజుకి టౌన్లో రైతుల సంఘం ఆఫీసులో కరపత్రాలు పంచే పని. ఎండనపడి ఊరూరా తిరగాలి. ఆ ఆఫీసులో విస్తరణ అధికారి కుర్చీ ఎన్నాళ్ళ నుంచో ఖాళీ. సంఘం ప్రెసిడెంటు ఒకరోజు నూకరాజుని పిలిచి, "సమాజ విస్తరణ విద్యలో పీజీ చేశావంటే ఆ కుర్చీ నీదేనోయ్. జనం దగ్గరికెళ్ళి కొత్త సంగతులు నేర్పి, వాళ్ళ కష్టాలు తీర్చే చదువు అది. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఆన్‌లైన్లో ఇంటి నుంచే చదువుకోవచ్చు" అన్నాడు.

ఈ కబురు వినగానే మంగాయమ్మ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఎండల్లో తిరిగి తిరిగి నా కొడుకు కమిలిపోయాడు. వాడు ఫాను కింద కుర్చీలో కూర్చుంటే ఒక్కసారి చూడాలి. దేవుణ్ణి ఇంకేవీ అడగను" అంది. నవ్వకండి. ఆ ఇంట్లో తెలివితక్కువతనం లేని చోటు ఏదన్నా ఉంటే అది ఆవిడ దిగులే.

ఇంటి నుంచే చదువు అన్నారు కాబట్టి క్లాసు జరిగినంతసేపూ ఎవరూ గడప దాటకూడదని అన్నవరం శాసనం చేశాడు. నలుగురూ ఫోను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మొదటిరోజే ప్రొఫెసరు గారు, "అందరూ మ్యూట్‌లో ఉండండి. నేను చెప్పేదాకా ఎవరూ మాట్లాడకూడదు" అన్నారు. పాఠం మధ్యలో సిగ్నల్ పోయింది. మాట్లాడొచ్చని ఆయన చెప్పనే లేదు. ఇంకేముంది! మళ్ళీ క్లాసు పెట్టేదాకా ఇంటిల్లిపాదీ మూగనోము పట్టారు.

ఆ నోములో ఉండగా పశువుల బేరగాడు వచ్చాడు. పెరట్లో పాడిగేదెని చూసి, ఒక రేటు చెప్పి, "ఇస్తారేంటండి?" అన్నాడు. నలుగురూ నోళ్ళు బిగించి వాడికేసి చూశారు. వాడు మళ్ళీ అడిగాడు. మళ్ళీ చూశారు. వాడు గడుసువాడు. "మౌనం అర్ధాంగీకారం అంటారు కదండీ" అని, సగం డబ్బులు అరుగు మీద పెట్టి గేదెని తోలుకుపోయాడు. అంతే. గేదె మాత్రం వీధి మలుపు దాకా అరుస్తూనే ఉంది. దానికి క్లాసు లేదు కదా!

తర్వాత క్లాసులో ప్రొఫెసరు గారు అసలు పాఠం చెప్పారు. "మీ సమస్య ఇదీ అని మనం ప్రజలకి ఎప్పుడూ చెప్పకూడదు. వాళ్ళే గుర్తించాలి, వాళ్ళ నోటితో వాళ్ళే చెప్పాలి. మనం ప్రశ్నలు మాత్రం అడగాలి. విస్తరణ విద్యకి ఇదే ప్రాణం. మీ ఊళ్ళో కొందరి చేత ఇలా సమస్యలు గుర్తింపజేసి, తర్వాత వైవాకి రండి. వైవాలో నాతో పాటు బయటి నుంచి కూడా ఒక పరీక్షకులు వస్తారు."

"చచ్చినా చెప్పకూడదన్నమాట" అన్నాడు అన్నవరం.

"చచ్చినా చెప్పం" అన్నారు మిగతా ముగ్గురూ.

నూకరాజు ముందు పక్కింటికి వెళ్ళాడు. అక్కడ దుర్గమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఆవిడ వెనక వాకిట్లో చాప మీద గుమ్మడి వడియాలు ఆరబెట్టి ఉన్నాయి. వాటి వెనక ఓ మేక. అది ఒక వరస తినేసి రెండో వరసలోకి దిగింది.

"అత్తా! నీ జీవితంలో ముఖ్యమైన సమస్య ఏంటంటావు?" అన్నాడు నూకరాజు.

దుర్గమ్మని పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఎవరూ అడగలేదు. పొంగిపోయింది. "ఏవని చెప్పనురా నాయనా! మీ మావయ్యకి చెవుడు. మా ఆడపడుచుకి నోరు..." అని మొదలుపెట్టింది.

"అవి కాదత్తా. ఇప్పటికిప్పుడు జరుగుతున్న సమస్య ఏదన్నా?"

"మోకాళ్ళ నెప్పులురా."

"ఇంకా ఆలోచించత్తా. తిండికి సంబంధించి ఏవన్నా..."

"తింటే అరగట్లేదురా."

మేకకి మాత్రం బాగానే అరుగుతోంది. ఆవిడ అరుగుదల కథ అయ్యేసరికి చాప మీద వడియం లేదు. దుర్గమ్మ వెనక్కి తిరిగి లబోదిబోమంది. "ఓరి నీ బడాయి కూలా! ఎదురుగా కూర్చుని చూస్తున్నావు, ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"నేను చెప్తే నీకు చదువెలా వస్తుందత్తా?" అన్నాడు నూకరాజు జాలిగా.

అక్కణ్ణించి పొలానికి వెళ్ళాడు. దుర్గమ్మ మొగుడు అబ్బులు గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆయన వెనకే నారుమడి గట్టు తెగింది. నీళ్ళు గలగలమంటూ మురుగుకాలవలోకి పోతున్నాయి. ఆయనకి చెవుడని చెప్పుకున్నాం కదా.

నూకరాజు గొంతెత్తి, "మావయ్యా! మీ పొలంలో ముఖ్యమైన సమస్య ఏంటండీ?" అని అరిచాడు.

"నీళ్ళు లేవురా. ఇంకేం సమస్య!"

నూకరాజుకి ప్రాణం లేచొచ్చింది. "దగ్గరికి వచ్చేశారండి! ఇంకొంచెం వెనక్కి చూడండి మావయ్యా."

"వెనక్కి చూస్తే ఏవుందిరా! మా నాన్న రోజుల్లో ఈ కాలవ నిండా నీళ్ళే..." అని అబ్బులు వాళ్ళ నాన్న దగ్గర ఎత్తుకుని తాత దాకా వెళ్ళాడు. అక్కణ్ణించి తిరిగొచ్చేసరికి నారుమడి ఎండి బెండయింది. చుట్ట విసిరేసి వెనక్కి తిరిగిన అబ్బులు ముందు మడిని చూశాడు, తర్వాత నూకరాజుని చూశాడు, తర్వాత చేతికర్ర కోసం చూశాడు.

నూకరాజు ఒక్క పరుగులో ఇల్లు చేరాడు. కొట్టడానికి వెనకే అబ్బులు.

అప్పటికే ఇంగితం వారి పెరట్లో గడ్డివాము అంటుకుంది. కుమారి వాము పక్కనే పొయ్యి బూడిద పారబోస్తే, అందులో నిప్పుందో ఏమో. మొదట కుమారే చూసింది. చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అత్తగారి దగ్గరికి పరిగెత్తింది.

"అత్తయ్యా! మన పెరట్లో ముఖ్యమైన సమస్య ఏంటంటారు?"

మంగాయమ్మ కిటికీలోంచి చూసింది. మంట వాము నడుం దాకా వచ్చింది. అరవబోయింది. కానీ ఆవిడా క్లాసులో కూర్చున్న మనిషే. గబగబా మొగుడి దగ్గరికెళ్ళి, "ఏవండీ, పెరటి గురించి మీ అభిప్రాయం ఏంటండి?" అంది.

అన్నవరానికి పొగకి దగ్గు తెర వచ్చింది. దగ్గుతూనే, "అది నేను చెప్పకూడదే. నువ్వు గుర్తించు. ఏదన్నా వాసన వస్తోందా?" అన్నాడు.

"మీకొస్తోందాండీ?"

"ముందు నీ సంగతి చెప్పు!"

ఇంతలో నూకరాజు వచ్చి పడ్డాడు. వాముని చూశాడు, అమ్మానాన్నలని చూశాడు. "అందరూ గుండ్రంగా కూర్చోండి. చర్చిద్దాం" అన్నాడు. అందరూ కూర్చున్నారు. అందరికీ తెలుసు. చెప్పేవాడే లేడు. నిప్పురవ్వలు నెత్తిన పడుతుంటే దులుపుకుంటూ ఒకళ్ళనొకళ్ళు ప్రశ్నలడుగుతున్నారు.

వెనకే వచ్చిన అబ్బులు కర్ర పారేసి, "ఓరి మీ తెలివి తెల్లారిపోనూ! గడ్డివాము తగలడిపోతోందిరా!" అని కేక పెట్టాడు.

అంతే! నలుగురూ లేచి చప్పట్లు కొట్టారు. "గుర్తించాడు! ప్రజలు గుర్తించారు!" అని నూకరాజు అబ్బుల్ని కావలించుకున్నాడు. పాపం, బిందెలతో నీళ్ళు మోసి పక్కిళ్ళకి అంటుకోకుండా ఆపింది ఆ అబ్బులే. వాము మాత్రం బూడిదయింది. అన్నవరం దాని చుట్టూ ఒక చుట్టు తిరిగి, "గేదె పోయింది, గడ్డీ పోయింది. ఇది మిగిలితే ఎవడు తింటాడు? అన్నీ కలిసొస్తున్నాయి" అన్నాడు.

వైవా రోజు వచ్చింది. ఫోనుకి బొట్టు పెట్టారు. ప్రొఫెసరు గారు వాళ్ళింట్లో బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ఆయన వెనక కిటికీ తెరిచి ఉంది. "ఏం నేర్చుకున్నావో చెప్పవయ్యా" అన్నారు.

నూకరాజు నోరు తెరిచేలోగా కిటికీలోంచి ఓ కోతి లోపలికి దూకింది. అరటిపండ్ల గెల తెంపింది. ఆరేసిన పంచె లాగి భుజాన వేసుకుంది.

నూకరాజు గొంతు సవరించుకుని, "సార్, ప్రస్తుతం మీ ఇంట్లో ముఖ్యమైన సమస్య ఏంటంటారండి?" అన్నాడు.

ప్రొఫెసరు గారు కళ్ళు మూసుకుని పరవశించిపోయారు. "శభాష్! ఇన్నాళ్ళ సర్వీసులో అందరూ నాకు చెప్పబోయినవాళ్ళే కానీ అడిగినవాడు లేడయ్యా! నా సమస్య ఏమిటంటే, పాఠం వంటబట్టించుకునే శిష్యులు లేకపోవడం. ఇవాళ్టితో అది కూడా..." అంటుండగా కోతి ఆయన కళ్ళజోడు లాక్కుంది. ఆయన కెవ్వుమని లేచి దాని వెంటపడ్డారు. అది బల్లెక్కి ఆయన ఫోను చేతిలోకి తీసుకుంది. తెర నిండా దాని మొహమే.

"సారు మారారేంట్రా?" అంది మంగాయమ్మ.

"బయటి నుంచి ఒక పరీక్షకులు వస్తారన్నారు కదమ్మా. కిటికీ బయటి నుంచే వచ్చారు, చూళ్ళేదూ?" అని నూకరాజు లేచి నించుని దణ్ణం పెట్టాడు. "నమస్కారమండీ. తమరి దృష్టిలో ముఖ్యమైన సమస్య ఏంటండీ?"

కోతి పళ్ళన్నీ బయటపెట్టి ఇకిలించింది.

"నవ్వారు! పాసే!" అన్నాడు అన్నవరం.

పాసే మరి. ప్రొఫెసరు గారు కళ్ళజోడు లేకపోయినా తడుముకుంటూ మార్కులు వేసేశారు. టౌన్లో ప్రెసిడెంటు అయితే నూకరాజు పద్ధతి విని హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాడు. "ఎక్కడా ఏ సమస్యా ఉందని చెప్పని అధికారి! ఇలాంటివాడి కోసమే కదయ్యా ఇన్నాళ్ళూ కుర్చీ ఖాళీగా ఉంచాం" అన్నాడు.

చేరే రోజున ఇంటిల్లిపాదీ ఆఫీసుకి వెళ్ళారు. మంగాయమ్మ దాచుకున్న పట్టుచీర కట్టుకుంది. ఎన్నాళ్ళుగానో వాడని కుర్చీ కదా, ఒక కాలు చెదలు తినేస్తే బంట్రోతు ఎప్పుడో దాని కింద ఇటుక పెట్టి నిలబెట్టాడు. ఇవాళ దుమ్ము తుడుస్తూ ఆ ఇటుక తన్నేశాడు. కుర్చీ మూడు కాళ్ళ మీద ఊగుతోంది. అది మంగాయమ్మ చూసింది.

కన్నప్రాణం కొట్టుకుంది. నోటిదాకా వచ్చిన మాటని మింగింది. తను నోరు జారితే కొడుకు చదువంతా వృథా కాదూ! కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "నాయనా, కూర్చునే ముందు ఒక్కసారి ఆలోచించు. నీకు ముఖ్యమైన సమస్య ఏంటంటావు?" అంది.

"అధికారికి సమస్యలుంటాయేంటే అమ్మా? సమస్యలు ప్రజలకి" అని నూకరాజు దర్జాగా కూర్చున్నాడు.

ఇంకేముంది! కుర్చీ ఓ పక్క, అధికారి ఓ పక్క. మంగాయమ్మ గుండెలు బాదుకుంటూ పరిగెత్తి, లేవదీయబోయి, చదువు గుర్తొచ్చి ఆగింది. "ఇప్పుడన్నా గుర్తించావా నాయనా?"

నూకరాజు వెల్లకిలా పడి పైకి చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. మెల్లగా మొహం వెలిగింది.

"గుర్తించానే అమ్మా! ఫాను తిరగట్లేదు!"

ముగ్గురూ చప్పట్లు కొట్టారు. బంట్రోతు స్విచ్చి వేశాడు. ఫాను తిరిగింది. నూకరాజు చొక్కా దులుపుకుని లేచి, కుర్చీని మళ్ళీ నిలబెట్టి, "చూశావా, సమస్య తీరింది" అంటూ అందులోనే కూర్చున్నాడు.