మొదటి వరుస

సోమవారం పెద్ద కంపెనీ వాళ్లు సంతకానికి వస్తున్నారు. శుక్రవారం పొద్దున్నే హైమవతికి మిగిలిన ఒక్క భాగస్వామి కూడా తప్పుకున్నాడు.

ఆయన బ్యాటరీల సూర్యారావు. ఫోన్‌లో కేకలు వెయ్యలేదు, బేరమాడలేదు. "అమ్మా, మీరు చెప్పినవన్నీ బాగున్నాయి. మా వంతు మెయిలు ఎప్పుడొస్తాదో అదొక్కటీ ముందే చెప్పీయండి," అన్నాడు. అని, పెట్టేశాడు.

వెటకారం. హైమవతికి ఒళ్లు మండింది.

విశాఖపట్నంలో ఆమె నడిపే కంపెనీ పేరు 'పలుకు'. చదవడం రానివాళ్ల కోసం మాట్లాడే ఫోన్ చేస్తారు. ఎవరు పిలుస్తున్నారో, పింఛను పడిందో లేదో, చార్జింగ్ ఎంత ఉందో అదే నోరు తెరిచి చెబుతుంది. బ్యాటరీలు సూర్యారావువి. ఊళ్లలో అమ్మిపెట్టేది ఒక ఏజెన్సీ. పాడైతే బాగుచేసేది రిపేరు కొట్ల సంఘం. ఫోన్‌లో పలికే గొంతు సలోమిది. అంటే ఆమె ఒక్కదానిదే కాదు. పార్వతీపురంలో చిన్న మేడ అద్దెకు తీసుకుని, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లనీ మగవాళ్లనీ పిలిచి, వాళ్ల యాసలోనే మాటలు రికార్డు చేసి ఫోన్‌కి ఎక్కిస్తుంది సలోమి.

పెద్ద కంపెనీ అడిగింది ఒక్కటే. "మేం అమ్మే ఫోన్లన్నిటిలోనూ మీ పలుకు పెడతాం. గొంతు మాత్రం మాది వాడాలి. మిగతా మీ వాళ్లందరూ ఉండాల్సిందే. వాళ్లున్నారనే కదా మీ దగ్గరికొచ్చాం."

హైమవతి ఒప్పుకుంది. సలోమిని తీసేసింది. ఒప్పందంలో రాసుకున్నట్టే, గడువిచ్చి, బాకీ లేకుండా, లాయర్ల చేత మెయిలు పంపించి మరీ తీసేసింది. దాంట్లో అక్షరం తప్పు పట్టండి చూద్దాం.

ఎవరూ పట్టలేదు. మొదట ఏజెన్సీ వెళ్లిపోయింది. తర్వాత రిపేరు కొట్ల వాళ్లు. ఇప్పుడు సూర్యారావు.

ఆఫీసులో జనానికేం తక్కువ లేదు. కానీ హైమవతి అన్నం డబ్బా తెచ్చుకుని కూర్చుంటే ఆ బల్ల దగ్గర మిగిలిన కుర్చీలు మిగిలినట్టే ఉంటున్నాయి. ఒకరికి ఉపవాసం, ఒకరికి మీటింగు, ఒకరు ఇప్పుడే తినేశారు. నాయకులన్నాక ఒంటరితనం తప్పదని మేనేజ్‌మెంట్ క్లాసులో ఎవరో అన్నారు. ఆ మాట తనకోసమే అన్నట్టు దాచుకుంది. ఈమధ్య పప్పన్నంలో దాన్నే నంజుకుంటోంది.

ఆ మధ్యాహ్నం కారు తీసి సాలూరు అవతల కొండవారకి బయల్దేరింది. అక్కడ గురువమ్మ ఉంటుంది.

గురువమ్మ పేరు అప్పలనరసమ్మ. ఆశ్రమమని జనం అంటారు గానీ, ఉన్నది పెంకుల వసారా, వెనక కాస్త చేను. కాషాయం లేదు, ఉపదేశాల పుస్తకం లేదు. ఫోన్ సిగ్నల్ అసలే లేదు. కాలేజీ రోజుల్లో బొబ్బిలిలో జరిగిన డిబేట్‌లో హైమవతి ఒక అమ్మాయిని చీల్చి చెండాడి కప్పు గెలిచింది. చప్పట్లయ్యాక, ఎవరి తాలూకో ఈ ముసలావిడ దగ్గరికొచ్చి, "బాగా గెలిచేవు. ఓడిపోయిన పిల్ల ఎటెళ్లింది?" అని అడిగింది. హైమవతికి తెలియదు. సిగ్గేసి వెతికితే, ఆ పిల్ల బస్టాండులో వేరుశనక్కాయలు తింటూ కనబడింది. "నువ్వు మాట్లాడుతుంటే నాకే నీకు మార్కులెయ్యాలనిపించింది, దరిద్రం," అని సగం కాయలు చేతిలో పోసింది. ఆ పిల్లే సలోమి.

ఆనాటి నుంచి ఏదైనా తేలకపోతే హైమవతి ఇక్కడికొస్తుంది. సలోమి సంగతి తేల్చేటప్పుడు మాత్రం రాలేదు.

గురువమ్మ వసారాలో గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. తల ఎత్తకుండానే పలకరించింది.

"ఏటే, వాదనేసుకొచ్చేవా, ఆకలేసుకొచ్చేవా?"

"రెండూ లేవు గురువమ్మా."

"అయితే పెద్ద జబ్బే. కూకో."

హైమవతి కూర్చుంది. "నా పొత్తులు ఒక్కటీ నిలబడ్డం లేదు."

గురువమ్మ పక్కనున్న కుప్ప చూపించింది. బాగా ఎండిన మొక్కజొన్న పొత్తులు. "నావి కుప్పడిపోయున్నాయి. రా, ఒలుద్దుం."

"మాటలతో ఆడుకోకండి. నేను వ్యాపారంలో పొత్తుల గురించి చెబుతున్నాను."

"నాను తినే పొత్తుల గురించి సెప్తన్నాను. ఎవలి గోల ఆలది."

హైమవతికి నవ్వు రాలేదు. వేదిక మీద నిలబడ్డట్టే మొదలుపెట్టింది. పెద్ద కంపెనీ ఎందుకు అవసరమో, దాంతో ఫోన్ ఎన్ని ఊళ్లకు చేరుతుందో, ఒకరి కోసం అందరి దారీ మూసుకోవడం న్యాయం కాదని ఎందుకు అనుకుందో చెప్పింది. సలోమి గొంతులు బాగుంటాయి, కాదనలేదు. కానీ లెక్క లెక్కే కదా? ఎక్కడా తడబడలేదు. ఎదుటివాళ్లు అడగబోయే ప్రశ్నలు కూడా తనే వేసుకుని తనే జవాబులు చెప్పేసింది.

గురువమ్మ మధ్యలో ఒకసారి లేచి కోళ్లను అదిలించి వచ్చింది.

"నా తప్పు ఒక్కటి చూపించండి," అంది హైమవతి చివరికి.

"తప్పు మాట నానెత్తనేదు. ఆ సూర్యారావుకి నువ్వేటి సేసేవు?"

"ఏమీ చెయ్యలేదు! నేను మొత్తుకునేది అదే. పైగా రేటు పెంచాను."

"రిపేరు కొట్లోళ్లకి?"

"వాళ్ల జోలికే పోలేదు."

"ఆ అమ్మీవోళ్లకి?"

"వాళ్ల జోలికీ పోలేదు గురువమ్మా. అందరి కాగితాలూ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. సలోమి ఒక్కదాని విషయంలోనే..."

గురువమ్మ కుప్పలోంచి ఒక పొత్తు తీసి ఆమె ఒళ్లో వేసింది. "గింజలు రాల్సు."

వాదన మధ్యలో ఇదేమిటి? అయినా తీసుకుంది. గింజలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, గోరు దూరే సందు కూడా లేకుండా ఉన్నాయి. బొటనవేలితో నెట్టింది. కదల్లేదు. అటు తిప్పి, ఇటు తిప్పి, మొదలు దగ్గర పట్టి మళ్లీ నెట్టింది. వేలు జారి చర్మం లేచింది గానీ ఒక్క గింజా రాలేదు.

"నా వల్ల కాదు."

"ఇటియ్యి."

గురువమ్మ గోనెపట్టా కింద నుంచి పాత స్క్రూడ్రైవర్ తీసింది. పొత్తు మొన దగ్గర ఒక వరుస మీద దాన్ని ఆనించి, చివరిదాకా ఒక్క తోపు తోసింది. ఆ వరుసలో గింజలు పటపటమని గోనెపట్టా మీద రాలాయి. పొత్తు నిండుగానే ఉంది. పక్కన సన్నటి గాడి మాత్రం పడింది.

"ఇప్పుడు రాల్సు."

హైమవతి వేలు పెట్టింది. గాడి పక్కనున్న వరుస ఖాళీలోకి ఒరిగి, నొప్పి లేకుండా ఊడొచ్చింది. దాని పక్కది అంతకన్నా తేలిగ్గా వచ్చింది. వేలు ఆడించడమే ఆలస్యం. వారం రోజుల్లో తన చేతికి లొంగిన పని ఇదొక్కటే. ఒక పొత్తు అయిపోయింది. గురువమ్మ గాడి తీసి మరొకటి అందించింది. అదీ అయిపోయింది. హైమవతికి ఉత్సాహం వచ్చేసింది, ముంగురులు వెనక్కి తోసుకుని ఇంకోటి అందుకుంది.

సగంలో ఆమె వేలు ఆగిపోయింది.

కొండ మీంచి గాలి వస్తోంది. గురువమ్మ చేతిలో గింజలు రాలుతున్న చప్పుడు తప్ప చుట్టుపక్కల మనిషి అలికిడి లేదు.

"గురువమ్మా."

"ఊఁ."

"మీరు ఒక్క వరుసే తీశారు."

"ఒకటే."

"మిగతావి..."

"ఆటి జోలికే నాను పోనేదు."

హైమవతి పొత్తు కింద పెట్టేసింది. కానీ ఊరుకుంటే ఆమె హైమవతి ఎందుకవుతుంది? కళ్లు తుడుచుకుని, నడుం నిటారుగా పెట్టింది.

"సరే. అర్థమైంది. సలోమిని వెనక్కి తీసుకుంటాను. వాటా పెంచుతాను. ఇవాళే కొత్త ఒప్పందం పంపిస్తే సోమవారానికల్లా సూర్యారావు గారూ వాళ్లూ కూడా..."

గురువమ్మ రాశిలోంచి ఒక గింజ తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"పెట్టు."

"ఎక్కడ?"

"ఎక్కడిది అక్కడ."

హైమవతి సగం ఒలిచిన పొత్తు తీసుకుని, గాడిలో ఒక గుంట చూసి గింజను అమర్చింది. చెయ్యి తియ్యగానే పడిపోయింది. మళ్లీ పెట్టి గట్టిగా నొక్కింది. మళ్లీ పడింది. పడి, దొర్లుకుంటూ వసారా అంచుకి పోయింది. కాసుక్కూర్చున్న కోడి దాన్ని ముక్కున కరుచుకుని పారిపోయింది.

"ఒప్పందం కోడి తినీసింది," అంది గురువమ్మ.

ఈసారి హైమవతికి నవ్వు వచ్చింది. నవ్వు సగంలో ఏడుపయింది. గురువమ్మ ఓదార్చలేదు. పని ఆపి ఊరికే కూర్చుంది.

"తీసీసినప్పుడు ఆ పిల్లకి ఏటి సెప్పేవు?"

"మెయిలు పంపాం."

"నువ్వు రాసేవా?"

"లాయర్లు."

"ఫోను సెయ్యనేదా?"

"చెయ్యలేదు."

"ఏం?"

"ఏం చెప్పాలో తెలియలేదు."

ఆ మాట అన్నాక హైమవతికి తన గొంతే కొత్తగా వినబడింది. ఇన్నేళ్లలో ఆ వాక్యం ఆమె నోట ఎవరూ వినలేదు. ఆమే వినలేదు.

"నోరు నేని ఫోన్లకి మాటలు నేర్పీదానివి," అంది గురువమ్మ మెల్లగా. అందులో ఎత్తిపొడుపు ఎంతుందో, జాలి ఎంతుందో చెప్పడం కష్టం.

ఎండ వసారా దిగి చేలోకి వెళ్లింది. హైమవతి లేచి చీర మీది పొట్టు దులుపుకుంది. ఒలిచేసిన ఉత్త బెండు ఒకటి ఇంకా చేతిలోనే ఉంది. ఎక్కడ పెట్టాలో తోచక పట్టుకునే నిలబడింది.

"పార్వతీపురం వెళ్తాను. ఏం తీసుకెళ్లను?"

"ఏటీ ఒద్దు."

"ఏం చెప్పను?"

గురువమ్మ రాలిన గింజలు దగ్గరికి ఊడ్చుకుంది.

"ఆమె లోపలికి రానివ్వకపోతే?"

"బయటుండు."

"ఎంతసేపు?"

"ఆ మెయిలొచ్చాక ఆ పిల్ల బయట ఎంతసేపు ఉందో నాకేటి తెలుసు?" అని గురువమ్మ మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకుంది.

మక్కువ ఊరు దాటాక సిగ్నల్ వచ్చింది. ఆఫీసు నుంచి వరసగా సందేశాలు. 'మేడమ్, సోమవారం మన భాగస్వాములుగా ఎవరి పేర్లు చూపించమంటారు? సూర్యారావు గారి పేరు ఇంకా ఉంచొచ్చా? పెద్ద కంపెనీ వాళ్లకెలా తెలుస్తుంది?' హైమవతి కారు పక్కకి ఆపింది. 'ఎవరూ లేరని చెప్పండి. వస్తామంటే రమ్మనండి, లేకపోతే వద్దు,' అని కొట్టి పంపేసింది. ఆ ఒక్క వాక్యంతో కంపెనీ ఏమైపోతుందో ఆమెకు బాగా తెలుసు.

మిగతా దారంతా సలోమితో ఏం చెప్పాలో తయారు చేసుకుంది. చక్కటి వాక్యాలే వచ్చాయి. క్షమాపణలోనూ కాస్త తనవైపు న్యాయం కలిసొచ్చేలా అల్లుకుంది.

మేడ మెట్లెక్కి తలుపు కొడితే సలోమే తీసింది. చెవుల మీంచి హెడ్‌ఫోన్లు మెడలోకి జారి ఉన్నాయి. చిక్కిపోయింది. హైమవతిని చూసి ఆశ్చర్యపడలేదు, ఆశ్చర్యపడే ఓపిక కూడా లేనట్టు చూసింది.

"మెయిలు పెడితే సరిపోయేదిగా. ఇంత దూరం మనిషివెందుకొచ్చావ్?"

దారిలో తయారు చేసుకున్న వాక్యాలు వరసగా నిలబడే ఉన్నాయి. హైమవతి ఒక్కటీ ఎత్తలేదు.

సలోమి చేతులు కట్టుకుని కాసేపు చూసింది. "ఏంటే, డిబేట్ లేదా ఇవాళ?"

హైమవతి తల అడ్డంగా ఊపింది.

"లోపల పని నడుస్తోంది. ఆపడానికి లేదు." సలోమి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. రమ్మనలేదు. తలుపూ వెయ్యలేదు.

హైమవతి చెప్పులు విప్పి పై మెట్టు మీద కూర్చుంది.

లోపల ఒక పెద్దావిడ మైకు ముందు ఫోన్ కోసం మాటలు చెబుతోంది. ఇంకా ఎవరు కొంటారని చేయిస్తోందో సలోమి. ఎవరూ కొనకపోయినా చేయిస్తోందో. ఆవిడ గొంతు బొంగురుగా, దగ్గరగా వినిపించింది.

"అవతలోళ్లు పలకడం నేదు."

"ఇంకోసారి చెప్పమ్మా," అంది సలోమి. "కోపం లేకుండా."

"కోపం రాదేటమ్మా మరి, పలక్కపోతే?"

"వస్తుంది. అయినా లేకుండా చెప్పాలి. వినేవాళ్లకి అప్పటికే దిగులుగా ఉంటుంది."

ఆవిడ గొంతు సవరించుకుంది. తర్వాత ఆ మాటే మళ్లీ చెప్పింది, పసిపిల్లకి చెప్పినట్టు.

మెట్టు మీద హైమవతి మోకాళ్లు దగ్గరికి లాక్కుని, తలుపు వైపు తిరిగి వింటూ కూర్చుంది.