మేకలు బయటపెట్టిన శాసనం

ఒకానొక రాజ్యంలో, దాని ఎల్లలు ఎక్కడివో ఇద్దరు కథకులు ఒకేలా చెప్పరు గనక ఆ సంగతి వదిలేద్దాం, మల్లెవాడ అనే రాజధాని ఉండేది. కోటగోడ వెలుపల ఐదు ఊరుమ్మడి తోటలుండేవి. సంతకు వచ్చినవాడు మూట దించుకోవాలన్నా, ముసలివాళ్ళు సాయంత్రం నాలుగు మాటలు చెప్పుకోవాలన్నా వాటి నీడే దిక్కు.

మూడేళ్ళకోసారి ఉగాదినాడు కొలువులో ఆ తోటల పోషణ గుత్తకిచ్చేవారు. రాజు ఎవరి చేతిలో తాంబూలం పెడితే గుత్త వారిది; ఆపైన మాట తిరగదు. మూడు తరాలుగా ఆ తాంబూలం ఒకే ఇంటికి వెళుతోంది. ఆ ఏడు దాన్ని అందుకోవలసినది పోలమ. ఆమె వెనక నలభై ఇళ్ళ తోటమాలులు ఉన్నారు.

రాజు పేరు చండవిక్రముడు. గెలిచిన యుద్ధాలు ఎన్నో రూఢిగా తెలియదు గాని బిరుదులు మాత్రం ముప్పైరెండు. పెద్దతోట నడుమ రెండు నిలువుల రాయి పాతించి, ఆ బిరుదులన్నీ వరసగా చెక్కించి, తోటను ప్రజలకు దానమిచ్చినట్టు శాసనం వేయించాడు.

తాంబూలపు పళ్ళెం ముందుంచుకుని రాజు అన్నాడు: "పోలమా, మూడేళ్ళుగా ఏనుగు మీదినుంచి చూస్తున్నాను. మీ తోటల్లో ఎప్పుడూ ఏదీ మారినట్టు కనిపించదు. మారనిదానికి నలభై ఇళ్ళవాళ్ళెందుకు? వాన దేవుడు కురిపిస్తాడు. మొక్కలు వాటంతట అవే పెరుగుతాయి."

దామన మంత్రి వెంటనే అందుకున్నాడు. "ఏలినవారు సూక్ష్మం గ్రహించారు. మా బావమరిది కుప్పన ఒక్క కాపలావాడితో ఐదు తోటలూ నడుపుతానంటున్నాడు."

పోలమకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఏదీ మారినట్టు కనిపించకుండా ఉంచడానికే కదా ఆమె తాత నడుము వంగిపోయింది. తన ఇంటి పనికి అంతకుమించిన మెచ్చుకోలు ఆమె ఏనాడూ వినలేదు. రాజు మాత్రం దాన్ని నేరంగా చెబుతున్నాడు. వాదిస్తే తాంబూలం కుప్పన చేతిలో పడుతుంది, నలభై ఇళ్ళూ మూటలు కట్టుకోవాలి.

"దేవర మాట వేదవాక్కు," అంది. "కుప్పనగారి పద్ధతి మాకు కొత్త. కార్తీక పున్నమి దాకా ఒక చిన్న చోట నడిపి చూపిస్తే మేమూ నేర్చుకుంటాం. మిగతాదంతా పాత పద్ధతిలోనే చూసుకుంటాం. తాంబూలం ఆనాడు ఇప్పించండి."

"ఏ చోట?"

"గొప్ప పద్ధతికి గొప్ప చోటే తగును. దేవర శాసనం చుట్టూ పదిమూరల నేల."

రాజు మీసం మెలితిప్పి ఒప్పుకున్నాడు. బావమరిదికి దక్కిన గౌరవాన్ని తానే కాదనలేక మంత్రీ తలూపాడు.

వానలు మొదలయ్యాయి. కుప్పన పెట్టిన కాపలావాడు రాతి పక్కన తలపాగా పరిచి హాయిగా నిద్రపోయేవాడు. ఒకరోజు మారన అనే తోటమాలి పరుగున వచ్చాడు.

"అత్తా, రాతిమీదికి తిప్పతీగ పాకుతోంది. ఒక్క గుంజు గుంజితే పోతుంది, లాగేయనా?"

"ముట్టుకోకు. అది కుప్పనగారి గుత్త."

"బాట వెంట వచ్చి, రాతి చుట్టూ ఉన్న కంచె సందులోంచి మేకలు కూడా దూరుతున్నాయి."

"మనవైపు కంచె ఎలా ఉంది?"

"చీమ దూరదు."

"అయితే మేకల్ని మేయనీ."

కార్తీక పున్నమినాడు పొరుగు రాజ్యపు రాయబారి వచ్చాడు. పాత రాతలంటే ఆయనకు మక్కువ. రాజు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏనుగు మీద పెద్దతోటకు తీసుకువెళ్ళి, "అదిగో నా శాసనం," అని చెయ్యి చాచాడు.

"ఏదీ, ఆ పొద అవతలా?" అన్నాడు రాయబారి.

ఇద్దరూ దిగారు; వెంట వచ్చిన మంత్రీ కుప్పనా, అక్కడే కాచుకున్న పోలమా దగ్గరికొచ్చారు. రాయి నిండా తీగలు. పైన పగులులో రావిమొక్క. ముప్పైరెండు బిరుదుల్లో ఒక్కటీ కనబడదు. అడుగున మాత్రం, మేక ముందుకాళ్ళు ఆన్చి మెడ చాచితే అందినంత మేర, రాయి నున్నగా బయటపడి ఉంది. శాసనాల చివర శాపం రాయడం ఆచారం. రాయబారి వంగి దాన్ని గట్టిగా చదివాడు.

"'ఈ ధర్మాన్ని పాడుచేసినవారు గంగ ఒడ్డున కపిలగోవును చంపిన పాపాన పోతారు. అరవైవేల ఏళ్ళు పురుగై పుడతారు.' చక్కని అక్షరాలు. దాత పేరే కనబడటం లేదు. ఎవరిది మహారాజా?"

రాజు కుప్పన వంక చూశాడు. కుప్పన మంత్రి వంక చూశాడు. మంత్రి ఏనుగు వంక చూశాడు.

"పోలమా, నా బిరుదులు ఏమయ్యాయి?"

"లోపలే ఉన్నాయి దేవరా, భద్రంగా. మొక్కలు వాటంతట అవే పెరుగుతాయని తమరు సెలవిచ్చారు. పాపం, అవి తమరి మాట నిలబెట్టాయి."

"మరి మిగతా తోటలో ఎందుకు పెరగలేదు?"

"అక్కడా ప్రతి పొద్దూ పెరిగాయి. మొలిపించడం దేవుడి పని దేవరా. ఏది ఎక్కడ ఆగాలో చెప్పడం మా పని. అది సరిగ్గా జరిగితే ఏనుగు మీదినుంచి కనబడదు."

రాజు మొదటిసారి నేలమీద నిలబడి చుట్టూ చూశాడు. నీరు నిలవని బాటలు, ఎండుపుల్ల లేని పొదలు, అంగుళం సందులేని ముళ్ళకంచె. తరవాత గొంతు తగ్గించి అడిగాడు: "ఆ శాపం నాకు తగులుతుందంటావా?"

"పొద్దుగూకేలోగా రాయి శుభ్రమైతే ధర్మం చెడనట్టే. కాకపోతే ఒక్క కాపలావాడి వల్ల అయ్యే పని కాదు."

రాజు పకపకా నవ్వాడు. తాంబూలం అక్కడికే తెప్పించి, ఏనుగెక్కకుండా నేలమీద నిలబడే పోలమ చేతిలో పెట్టాడు. మొదటి తీగ మంత్రినీ కుప్పననూ లాగమన్నాడు. "ఇక నీకొక బిరుదిస్తాను, కోరుకో," అన్నాడు.

"బిరుదు వద్దు దేవరా. రాతిమీద ఒక్క పంక్తి చాలు. 'ఈ తోటను నిలిపినవారు పోలమ, నలభై ఇళ్ళవారు' అని."

"నా పేరు పక్కనే, పైన చెక్కిస్తాను."

"పైన వద్దు," అంది పోలమ. "కింద చెక్కించండి, మేకలకు అందేచోట."